చెల్లెలి పేరుతో వచ్చిన మనిషి

పోయిన వారం రాజకుమారిని ఏలూరు పవర్‌పేటలో, మందుల షాపు పక్క మెట్ల కింద, వానలో నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. కొత్తగా చదివేవాళ్లకి ఆమె సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసి పైకి తీసుకెళదాం.

కొల్లేటి మధ్య చినలంక ఆమెది. మొగుడు వరదానం చేపలకి ఐసు తోలే వ్యాను డ్రైవరు. పోయినేడు సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు ఊరి ముందున్న పెద్ద గట్టుకి గండి పడింది. క్రిస్మస్‌కి ముందొచ్చిన వరదలో, ఆ గండి దగ్గరే దోనె తిరగబడి, రాజకుమారి చెల్లెలు సువర్ణ కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. చేసేదిలేక ఆ పిల్ల చీరనే పెట్టెలో పెట్టి, ప్రార్థన చేసి పూడ్చారు. ఎండలు మొదలైన దగ్గర్నుంచి రాజకుమారికి తెల్లారుజామున ‘అక్కా’ అని పిలుపు వినబడుతోంది. మెలకువ వచ్చేసరికి మంచం మీదే ఉంటుంది గానీ చీర కుచ్చెళ్లు తడిసి ఉంటాయి, పాదాలకి గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుని ఉంటాయి. ఒకనాడు మాత్రం మంచం మీద మెలకువ రాలేదు. గండిలో నడుం లోతు నీళ్లలో వచ్చింది. చంకలో నాలుగేళ్లయినా నిండని కూతురు క్రిస్టినా గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆ పూటే అత్తగారు పిల్లను తీసుకుని తాడేపల్లిగూడెం, కూతురింటికి వెళ్లిపోయింది. ‘బాగుచేయించుకుంటే పిల్లని తెస్తాను, లేకపోతే గొలుసులేసి కట్టే చోటుంది, అక్కడ పెట్టిద్దాం’ అని కొడుక్కి తేల్చి చెప్పింది. భీమడోలు డాక్టరుగారు మాత్రం, ‘ఒంట్లో ఏ రోగమూ లేదమ్మా, ఏలూరులో ఫర్జానాగారని కౌన్సిలర్ ఉన్నారు, వెళ్లి మాట్లాడు’ అన్నారు. మాట్లాడితే తగ్గే జబ్బేమిటో రాజకుమారికి అర్థం కాలేదు. పిల్ల కావాలి కాబట్టి వచ్చింది.

“నేను కింద టీ కొట్టు దగ్గర ఉంటాను కుమారీ. భయపడకు,” అన్నాడు వరదానం. అలా అన్నవాడి మొహంలోనే నెత్తురు లేదు.

ఆమె మెట్లెక్కింది. పైన ఓ వసారా, గోడవారగా బల్ల. బల్ల దగ్గర తలమీద కొంగు కప్పుకుని ఓ పెద్దావిడ కూర్చుని చిక్కుళ్లకి ఈనెలు తీస్తోంది. అందరూ బీబీ అని పిలుస్తారావిణ్ణి. వచ్చినవాళ్ల పేరు కనుక్కుని లోపలికి పంపడం, టీ ఇవ్వడం, తడి తుడవడం ఆవిడ పని.

“రామ్మా, తడిసిపోయావు. పేరేంటి తల్లీ?”

రాజకుమారి నోరు తెరిచింది. బయటికొచ్చిన పేరు తనది కాదు.

“సువర్ణండీ.”

చిన్నప్పటి పాడలవాటది. బళ్లోకి సూదులు వేసేవాళ్లొచ్చినా, లెక్కల మేష్టారు తప్పెవరిదని బెత్తం తీసినా, భయమేస్తే చాలు, రాజకుమారి నోటికి చెల్లెలి పేరే వచ్చేది. ఒకే బడి, ఒకే పోలిక. ఒకసారైతే ఆ పిచ్చిది రెండు సూదులు పొడిపించుకుని, జబ్బ రుద్దుకుంటూ ఇంటికొచ్చి, అక్క ఏడుస్తుంటే తనే ఓదార్చింది. “పోనీలేవే అక్కా,” అంది. సువర్ణకి ఆ మాట ఊతపదం. విరిగిన గాజుకీ అదే, పోయిన సంబంధానికీ అదే. ఇక్కడా అంతే, పిచ్చివాళ్ల డాక్టరు దగ్గరికెళ్లిందన్న మాట రేపు లంకలో పొక్కితే, తన పేరు ఉండకూడదనుకుంది రాజకుమారి. చచ్చిపోయినదాని పేరుకి కొత్తగా వచ్చే నష్టమేముంది?

బీబీ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

“ఏ ఊరమ్మా?”

“చినలంకండీ.”

ఆవిడ రాజకుమారిని కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, గబగబా లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసింది. లోపల గుసగుసలు. ఆ వెంటనే కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. తలుపు తీసుకుని కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి ఒకావిడ దాదాపు పరుగున వచ్చింది. మొహం నిండా సంబరం. తప్పిపోయిన మేకపిల్ల ఇంటికొచ్చిందంటే అలా వస్తారు మనుషులు. రాజకుమారిని చూడగానే ఆ సంబరం కాస్తా దీపం ఆర్పినట్టు ఆరిపోయింది.

“రండి,” అంది ఫర్జానా, తేరుకుని. “రండి, లోపల కూర్చుందాం.”

గదిలో మంచం లేదు, సూదులు లేవు, కరెంటు పెట్టే మిషను లేదు. రాజకుమారి ముందు వాటి కోసమే వెతికింది. రెండు పేము కుర్చీలు, స్టూలు మీద మంచినీళ్ల గ్లాసు, కిటికీ. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డంతా వాననీళ్లు నిండి, స్టేషన్ వైపు కదిలిపోతున్నాయి. ఆమెకి నీళ్లు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కుర్చీని కిటికీకి వీపు పెట్టేలా తిప్పుకుని కూర్చుంది. ఫర్జానా ఆ కుర్చీ వంకే చూస్తూ ఉండిపోయింది.

“మిమ్మల్ని ఏమని పిలవమంటారు?”

“చెప్పాను కదండీ. సువర్ణ.”

“సరేనండీ. ఇక్కడ మీరు ఏ పేరు చెబితే ఆ పేరే. ముందు ఇక్కడి పద్ధతి చెబుతాను, వినండి. నేను మందులివ్వను. పిచ్చో కాదో ముద్ర వెయ్యను. మనం ఓ ముప్పావుగంట మాట్లాడుకుంటాం. ఒక్కసారికే తేలిపోదు, మళ్లీ మళ్లీ రావాలి. చెప్పలేననిపించింది చెప్పక్కర్లేదు. ఇక చెప్పిందంటారా, ఈ గడప దాటదు. మీవారికి కూడా చెప్పను. మనిషి పోయినా సరే, ఆ మనిషి మాట నా దగ్గరే ఉంటుంది. ఒక్కటి మాత్రం. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని నాకనిపిస్తే, ముందు మీతో చెప్పి, ఆ తర్వాత మీ ఇంట్లోవాళ్లకి చెబుతాను.”

రాజకుమారి తలూపింది. ఊపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫర్జానా కూడా కూర్చుంది.

ఇక చూడండి తమాషా. ఈమె మాట్లాడుతుందని ఆమె, ఆమె చెబుతుందని ఈమె. లంకలో కష్టమొస్తే జనం వెంకటనరసమ్మ దగ్గర సోదెకెళ్తారు. రాజకుమారి అత్తగారు ఆదివారం గుడికెళ్లే మనిషే, మంగళవారం చీకటి మాటున అక్కడికీ వెళ్లొస్తుంది. సోదె దగ్గర పద్ధతొకటుంది. వెళ్లినవాళ్లు నోరు మెదపకూడదు. చేటలో బియ్యం చెరుగుతూ వెంకటనరసమ్మే అన్నీ చెప్పాలి. మనం ముందే చెప్పేస్తే ఇక ఆవిడ గొప్పేముంది? లంకలో ఎవరిని నమ్మాలన్నా ఇలాగే పరీక్ష పెడతారు. ఏలూరు ఆవిడ చదువుకున్న మనిషి, ఇంకా బాగా చెబుతుంది కాబోలని రాజకుమారి ఎదురుచూసింది.

కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. వాన చప్పుడు గదిలోకొచ్చి కూర్చుంది. స్టేషన్లో ఆగని బండేదో ఊళ్లోంచి దడదడలాడుతూ వెళ్లిపోయింది. గ్లాసులో నీళ్లు వణికాయి. అవి చూడకుండా ఉండాలని రాజకుమారి కళ్లు మూసుకుంది.

“మీరే చెప్పాలి కదండీ,” అంది చివరికి ఉండబట్టలేక.

“ఏంటండీ?”

“నాకేమైందో. ఎవరు పట్టుకున్నారో.”

ఫర్జానా నవ్వలేదు. నవ్వి ఉంటే రాజకుమారి లేచి వెళ్లిపోయేది. “అడగందే అమ్మయినా పెట్టదంటారు కదండీ. ఇక్కడ మీరు చెప్పందే నాకు తెలీదు. నేను సోదె చెప్పలేను సువర్ణగారూ. వినడమొక్కటే నా పని.”

సువర్ణగారూ. ఆ పేరుతో తనని ఎవరో పిలవగానే మెడ వెనక చల్లటి చెయ్యి వేసినట్టయింది రాజకుమారికి. తమ ఇంట్లో ఆ పేరు ఎత్తి నెలలైంది. వెనక్కి తిరిగి చూసింది. కిటికీ, వాన తప్ప ఎవరూ లేరు.

“నిద్రపట్టదండీ,” అని నీళ్లు నమిలింది.

“పట్టనప్పుడు ఏం గుర్తొస్తుంది?”

“ఏం రాదండీ.”

“సరే. ఏం గుర్తు రాకూడదనుకుంటారు సువర్ణగారూ?”

అక్కడ జరిగింది, ఏం జరిగిందో రాజకుమారికి కూడా సరిగ్గా తెలీదు. నోరు తనదే. మాట్లాడుతున్నానన్న స్పృహా ఉంది. కానీ మాటలు తను పేర్చుకోకుండానే వస్తున్నాయి, బొంగురుగా, తొందర తొందరగా, చెల్లెలు మాట్లాడినట్టే.

“నీళ్లండీ. గండి దగ్గర నీళ్లు ఎర్రగా ఉన్నాయి. దోనె తిరగబడిపోయింది. అక్క ఒక చేత్తో గట్టు మీద తుమ్మమోడు పట్టుకుంది, ఆ చంకలోనే పాప. రెండో చేత్తో నన్ను పట్టుకుంది. పాప జారిపోతందండీ. దాన్ని కట్టుకున్న కొంగు ఊడిపోతంది. అక్క నా వంక చూసింది, పాప వంక చూసింది. ఎవరిని పట్టుకోవాలో తెలీక ఆ చూపు... అటువంటి చూపు ఎవరికీ రాకూడదండీ. నాకు జాలేసింది. నోట్లో నీళ్లు పోతన్నా చెప్పాను. పోనీలేవే అక్కా అన్నాను.”

ఫర్జానా ఒళ్లో చేతులు గట్టిగా ముడుచుకున్నాయి.

“అప్పుడు అక్క ఏం చేసింది?” అని అడిగింది, చాలా మెల్లగా.

“వదిలేసిందండీ.”

ఆ మాట గదిలో పడ్డాక రాజకుమారి దాన్ని విన్నది. వేరే ఎవరో అన్న మాటలా విన్నది. ఊరందరికీ తను చెప్పింది ఒకటే, ‘నీళ్లు లాక్కుపోయాయి’ అని. మొగుడికీ అదే, పాస్టరు దేవదానంగారికీ అదే, మోకరించి దేవుడితోనూ అదే. ‘పోనీలేవే’ అన్న మాట సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, అందులో ఒకరు లేరు.

“నేను సువర్ణని కాదండీ,” అంటూ భోరుమంది. “రాజకుమారిని. అదేమీ కొట్టుకుపోలేదు, నేనే వదిలేశాను. అది పోనీలే అంది కదా అని వదిలేశానండీ! సూదికి నా బదులు అదే, దెబ్బలకీ అదే, చావుకీ దాన్నే పంపించాను. దాని పేరు చెప్పుకుని ఇక్కడికొచ్చాను చూడండి, నా అంత సిగ్గులేనిది ఉంటుందా!”

ఫర్జానా ఊరుకోమనలేదు. ఏడవద్దనీ అనలేదు. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని ఏడుపు తీరేదాకా అలాగే కూర్చుంది. ఇంట్లో ఎవరూ ఆమెనంతసేపు ఏడవనివ్వలేదు. ఏడుపు మొదలవగానే ఎవరో ఒకరు ప్రార్థన అందుకునేవారు, లేదా వేపమండ అందుకునేవారు. రాజకుమారికి ఊపిరి లోపలిదాకా అందింది. తెల్లారుజాము పిలుపూ, పాపనెత్తుకుని గండిలో దిగిన సంగతీ, అత్తగారి గొలుసుల మాటా అన్నీ చెప్పేసింది.

“రాజకుమారిగారూ,” అంది ఫర్జానా. సొంత పేరు విని ఆమె తలెత్తింది. “ఒకటి సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. గండిలోకి దిగేటప్పుడు చచ్చిపోవాలని ఉంటుందా మీకు? పాపనేమైనా చెయ్యాలనిపిస్తుందా?”

“అయ్యో, లేదండీ! పిలిచింది కదా అని వెళ్తాను. నిద్రలోనే. పాపని చూడాలనుకుంటందేమో అని ఎత్తుకెళ్లాను కాబోలు. నాకు తెలీదండీ.”

“నమ్ముతున్నాను. మీరు వదిలిన చెయ్యి గురించి మనం మళ్లీ మాట్లాడుకుందాం, చాలాసార్లు మాట్లాడుకోవాలి. పసిదాన్ని పట్టుకున్న చెయ్యి కూడా మీదే, అదీ మాట్లాడుకోవాలి. ఇవాళ్టికి మాత్రం, మీరు నిద్రలో నడుస్తున్నారు కాబట్టి తలుపుకి పైన గడియ పెట్టమని మీవారికి మీ ముందే చెబుతాను. నిద్రకి వేరే డాక్టరుగారి సలహా తీసుకుందాం. గొలుసుల మాట ఎవరు ఎత్తినా నా దగ్గరికి పంపండి.”

“మరి పిలుపండీ?”

“దుఃఖం లోపల కుక్కేస్తే చెవికి అలాంటివి వినబడతాయి. కొడుకు పోయిన తల్లికి గేటు చప్పుడు వినబడుతుంది. అది దయ్యం కాదు, పిచ్చీ కాదు. చెప్పుకుంటుంటే అదే పలచబడుతుంది.”

రాజకుమారికి ఆ మాటలు గంజి తాగినంత హాయిగా ఉన్నాయి. చెప్పుకుంటే పలచబడుతుంది. పలచబడితే పాప ఇంటికొస్తుంది. ఇంత చిన్న సంగతికా నేను ఇన్నాళ్లు చచ్చాను అనుకుంది. బీబీ టీ తెచ్చింది. ఫర్జానా కప్పు అందుకుని, మాటల్లో మాటగా అడిగింది.

“చెల్లి పోయింది ఈ వానల్లోనేనా? మొన్న జూన్‌లో పోటెత్తిందే, అప్పుడా?”

“కాదండీ. పోయిన వరదలో. క్రిస్మస్‌కి ముందు.”

 బీబీ ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“కాదు,” అంది ఫర్జానా. “మీరు పొరబడ్డారు. సరిగ్గా గుర్తు తెచ్చుకోండి.”

“చెల్లెలు పోయిన రోజు పొరబడతానా అండీ? క్రిస్మస్‌కి మా గుడికి నక్షత్రం కూడా కట్టలేదు, దాని మూలానే.”

ఫర్జానా కప్పు కింద పెట్టేసింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. అంతసేపూ ఎంత నిబ్బరంగా ఉందో ఇప్పుడంత తడబడుతోంది. 

“ఇక్కడి మాట గడప దాటదని చెప్పాను. ఎవరికీ చెప్పను కూడా. కానీ ఒకామె, తన మాట ఒక్క మనిషికి మాత్రం చెప్పొచ్చని నాకు అనుమతి ఇచ్చింది. ‘ఎప్పుడైనా నా పేరు చెప్పుకుని ఒకావిడ వస్తుందండీ. అది మా అక్కే. భయమేస్తే దానికి నా పేరే నోటికొస్తుంది’ అంది. అందుకే మీరు చినలంక సువర్ణ అని చెప్పగానే, ఆ అమ్మాయే వచ్చిందనుకుని పరిగెత్తుకొచ్చాను. మిమ్మల్ని చూశాక, అక్క వచ్చిందన్నమాట అనుకున్నాను. మీరు గండి సంగతి చెప్పేదాకా ఆ అమ్మాయి పోయిందనే నాకు తెలీదు. విన్నాక, పాపం, నా దగ్గరికొచ్చి వెళ్లాక ఈ వానల్లో పోయింది కాబోలనుకున్నాను.”

“మా సువర్ణ ఇక్కడికొచ్చిందా?” రాజకుమారి ముందుకి వంగింది. “ఎప్పుడండీ? వరదకి ముందా?”

“ఈస్టర్ వెళ్లిన వారం.”

క్రిస్మస్ ముందు, ఈస్టర్ తర్వాత. చర్చి బడిలో చదివిన ఎవరికైనా వచ్చే లెక్కే. రాజకుమారికి మాత్రం అది ఎంతకీ తెగలేదు. ఈస్టర్ నాటికి సువర్ణ చీర పెట్టెలో ఉంది, పెట్టె మట్టిలో ఉంది. పిలుపు మొదలైందీ ఆ ఈస్టర్ రోజుల్లోనే.

“అదే కుర్చీ అమ్మా,” అంది బీబీ గుమ్మంలోంచి. “నువ్వు తిప్పుకున్నట్టే కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. బయట ఎండ మండిపోతంది. వాన చుక్క లేదు. ఆ పిల్ల లేచి వెళ్లాక చూస్తే కుర్చీ అంతా తడి. ఎంత తుడిచినా నాచు వాసన పోలేదు. ఎండలో ఎండబెట్టాను.”

రాజకుమారి దిగ్గున లేచి నిలబడింది. పేము అల్లికలో నీళ్లు మెరుస్తున్నాయి. వానలో తడిసి వచ్చాను కదా, ఇవి నా చీర నీళ్లే అని తనకి తనే చెప్పుకుంది.

“ఏం చెప్పమందండీ నాకు?”

ఫర్జానా చూపు తడి కుర్చీ మీదికి పోయింది. సువర్ణ చెప్పి వెళ్లిన మాటకి ఇన్నాళ్లూ తను ఏదో అర్థం చెప్పుకుని ఉంది, ఇవాళ ఆ అర్థం పనికిరాకుండా పోయిందని ఆవిడ మొహమే చెబుతోంది.

“‘పిలిచేది నేనే, పలకమనండి. దాని మీద నాకు కోపం లేదు. కానీ...’” ఆవిడ కళ్లజోడు మళ్లీ తీసేసింది. “‘కానీ పాపని మాత్రం గండి దగ్గరికి తీసుకురావద్దనండి. అక్కడ నేనొక్కదాన్నే లేను’ అంది.”

మెట్ల మీద ఎవరో రెండేసి మెట్లు ఎక్కుతున్న చప్పుడైంది. తలుపు తోసుకుని వరదానం వచ్చాడు. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో సెల్‌ఫోను. పెళ్లినాటి తర్వాత ఆ మొహంలో అంత వెలుగు రాజకుమారి ఎప్పుడూ చూడలేదు.

“ఏమనుకోకండి మేడమ్, ఆగలేక వచ్చేశాను. కుమారీ, అమ్మ ఫోన్ చేసింది! నువ్వు ఏలూరొచ్చావని తెలిసి మనసు కరిగిందంట. పాపని తీసుకుని గూడెంలో ఎప్పుడో బస్సెక్కేసింది. ఇప్పుడే రేవు దగ్గర దిగారంట. మనకోసం ఆగమన్నాను గానీ, వాన పెద్దదయ్యేలోగా దాటేస్తామని దోనె ఎక్కేశారు. ఈపాటికి గండి దగ్గర ఉంటారు.”